ఒకటో నంబరు కాపీ

ఫోన్ ఎత్తీ ఎత్తగానే అవతలి మనిషి తిట్లకి లంకించుకుంది. పొద్దుటి నుంచి మా సాఫ్ట్‌వేర్ నత్తనడక నడుస్తోందట. సాయంత్రానికి పన్నెండు చొక్కాలు కత్తిరించి ఇవ్వాలట. ఇలాంటి పనికిమాలిన సరుకు జనం నెత్తిన రుద్దడానికి మాకు సిగ్గు లేదా అని అడిగింది.

"కోపం తెచ్చుకోకండి, చూస్తాను. మీ కస్టమర్ నంబరు చెప్పండి."

"అదేంటి?"

"మీరు కొన్నప్పుడు మేమిచ్చిన నంబరండీ. బిల్లు మీద ఉంటుంది."

"కొనడమేంటి? మా వీధి చివర షాపాయన పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. అందరం అలాగే వాడుతున్నాం. తెర మీద మీ ఫోన్ నంబరే ఉంది కదా, బాగుచెయ్యడం మీ పని కాదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచేలోపే వదిన ఎదుటి కుర్చీలోంచి లేచొచ్చి ఫోన్ లాక్కుంది. నా నోటి సంగతి ఆవిడకి బాగా తెలుసు.

"అమ్మా, మా సైకిల్ ఎత్తుకెళ్లింది కాక, టైరులో గాలి లేదని మమ్మల్నే పిలుస్తున్నారా? పంపు పట్టుకుని రమ్మంటారా?" అని, జవాబు వినకుండా పెట్టేసింది.

ఇద్దరం కాసేపు పడీపడీ నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ వారంలో అలాంటి ఫోన్ అది తొమ్మిదోది. కొంటామంటూ వచ్చిన ఫోన్ ఒక్కటీ లేదు.

మా సాఫ్ట్‌వేర్ పేరు 'కొలత'. మనిషి ఒంటి కొలతలు ఇస్తే చొక్కాకి కావలసిన ముక్కలన్నీ, ముందు భాగం, వెనక భాగం, చేతులు, కాలరు, గీసి పెడుతుంది. పెద్ద కాగితం మీద అచ్చు తీసుకుని, గుడ్డ మీద పరిచి కత్తిరించుకోవడమే తరువాయి. అదే చొక్కా పాతిక సైజుల్లో కావాలన్నా టీ తాగి వచ్చేలోపు గీసేస్తుంది. రాసింది నేను. అమ్మేది, నేర్పేది, తిట్లు తినేది వదిన. మా అన్నయ్యకి ఇందులో వేలు పెట్టే హక్కు లేదని ఆవిడ మొదటి రోజే తేల్చేసింది. టైర్ల షాపు మీద ఒక గది మా ఆఫీసు. కింద సుత్తితో కొట్టినప్పుడల్లా మా బల్ల మీద పెన్నులు దొర్లుతాయి. ఎనిమిదేళ్లుగా అవి దొర్లుతూనే ఉన్నాయి, మేము ఎత్తి పెడుతూనే ఉన్నాం.

ఆ గది నెలాఖరుకి ఖాళీ చేస్తామని టైర్ల షాపాయనకి చెప్పేశాం. వదిన ఒక నర్సింగ్ హోములో రిసెప్షన్ పనికి దరఖాస్తు పెట్టుకుంది. నాకేమో ఒక పెద్ద కంపెనీలో వందమందిలో ఒకదానిగా కూర్చునే ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఇంకో ఇరవై రోజుల్లో కొలత పని అయిపోతుంది. దానికి ఏ జబ్బూ లేదు. సగం ఊరు దాన్ని వాడుతోంది. వాడేవాళ్లెవరూ కొనడం లేదు, అంతే.

ఆ దొంగ కాపీ ఎక్కణ్ణుంచి పుట్టిందో మాత్రం ఎంత వెతికినా తెలియలేదు. మేము అమ్మే ప్రతి కాపీకీ ఒక నంబరుంటుంది. అది ఎక్కించిన కంప్యూటర్లో తప్ప ఇంకోచోట తెరుచుకోదు. ఆ తాళం నేనే వేశాను. ఎవడో గొప్పవాడు ఆ తాళం బద్దలు కొట్టాడనుకుని ఏడాదిగా వాణ్ణి మనసులో ఉరి తీస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పక్కింటి పిల్ల కొత్త యూనిఫారం వేసుకుని అందరికీ చూపించుకుంటోంది. నాన్న ఆ పిల్లని దగ్గరికి పిలిచి రెండు భుజాల మీదా రెండు బొటనవేళ్లు ఆనించి అలాగే ఉండిపోయాడు. నాన్నకి చూపు మందగించి నాలుగేళ్లయింది. వేళ్లకి మాత్రం ఏమీ కాలేదు.

"ఇది నా కటింగే" అన్నాడు.

"నువ్వు కత్తెర పట్టి ఎన్నాళ్లయింది నాన్నా?"

"కత్తెర ఎవడిదైనా కావచ్చు. భుజం నాది. నువ్వే చూడు."

చూశాను. కుడి భుజం ఎడమ దానికంటే పావు అంగుళం దిగి ఉంది.

ఇది చెప్పాలి. మిగతా కటింగ్ మాస్టర్లు గుడ్డని మధ్యకి మడిచి రెండు పక్కలూ ఒకేసారి కత్తిరిస్తారు. రెండు భుజాలూ సమానంగా వస్తాయి. నాన్న ఒప్పుకోడు. ప్రపంచంలో ఏ మనిషికీ రెండు భుజాలు సమానంగా ఉండవని, పనిచేసే చెయ్యి వైపు భుజం కిందికి దిగుతుందని ఆయన వాదన. అందుకే నలభై ఏళ్లు గుడ్డని మడవకుండా, ఒక్కో వైపూ విడిగా కత్తిరించాడు. కొలతలో కూడా ఆ పావు అంగుళం పెట్టి తీరాలని నాతో మూడు నెలలు గొడవపడ్డాడు. పెట్టాను. చేత్తో అలా కత్తిరించే మాస్టరు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. అంటే ఈ చొక్కా కొలత గీసింది.

కాలరు వెనక చీటీ తిరగేశాను. యూనిఫారాల ఫ్యాక్టరీ పేరుంది. ఏడాది కిందట ఆ ఫ్యాక్టరీ యజమానికి నేనూ వదినా రెండు గంటలు కొలత చూపించాం. ఆయన చల్లటి నీళ్లిచ్చి, మంచి మాటలు చెప్పి, "మాకెందుకమ్మా ఇవన్నీ, మా మాస్టరు చేత్తోనే కత్తిరిస్తాడు" అని సాగనంపాడు.

మర్నాడు ఆఫీసులో వదినకి చెప్పాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుంది.

"వాళ్లు వాడేది ఏ నంబరు?"

"ఎలా తెలుస్తుంది? మన దగ్గరున్న లిస్టులో నంబర్లన్నీ ఒక్కొక్కటి ఒక్కోచోటే తెరుచుకుంటున్నాయి. ఎన్నిసార్లు చూడలేదూ?"

కొలత కొత్త సైజు గీసే ప్రతిసారీ కొలతల పట్టిక కోసం మా ఆఫీసు కంప్యూటర్ని అడుగుతుంది. ఏ నంబరు ఎన్ని చోట్ల నుంచి అడిగిందో అక్కడ రాసి ఉంటుంది. దొంగని పట్టుకోవాలంటే అదే దారి. రోజూ చూసేవాళ్లం. ఎప్పుడూ ఏమీ దొరకలేదు.

"అన్నీ చూశామా?" అంది వదిన.

"రెండో నంబరు నుంచి ఆఖరి దాకా."

"ఒకటి?"

"ఒకటి నాన్నది కదా. ఇంట్లోదాన్ని ఏం చూస్తాం?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మొట్టమొదటి కాపీ నేను నాన్నకిచ్చాను. పాత కంప్యూటరు పాడైనప్పుడల్లా తాళం తెరవమని ఆయన సతాయిస్తుంటే విసుగొచ్చి ఆ ఒక్క కాపీకి తాళం తీసేశాను. ఏ కంప్యూటర్లో వేసినా తెరుచుకుంటుంది. లిస్టు మొదటి రోజు తయారుచేసినప్పుడు, ఇంటిది కదా అని ఒకటో నంబరుని అందులోంచి నేనే తప్పించాను. దొంగ కోసం ఊరంతా గాలించాం. మా ఇంటి వైపు మాత్రం చూడలేదు.

వదిన దాన్ని లిస్టులోకి తెచ్చింది. ఒకటో నంబరు ఆ ఉదయం అరవైమూడు చోట్ల తెరుచుకుంది.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

ఇంటికి వెళ్లాను. నాన్న కిటికీ దగ్గర కూర్చుని, తెర మీద అరచెయ్యంత అక్షరాలు పెట్టుకుని ఎవరి చొక్కానో గీసుకుంటున్నాడు. ఆయనకది కాలక్షేపం.

"నాన్నా, నీ కాపీ ఎవరికైనా ఇచ్చావా?"

"టేపుకిచ్చాను" అన్నాడు తల తిప్పకుండానే.

టేపు నాన్న శిష్యుడు. పాతికేళ్ల కిందట పని నేర్చుకోవడానికి వచ్చినప్పటి నుంచి మెడలో టేపు తియ్యడు. పెళ్లి ఫోటోలో కూడా అది ఉందని వాళ్లావిడ ఇప్పటికీ దెప్పుతుంది. ఇప్పుడు ఆ యూనిఫారాల ఫ్యాక్టరీకి పెద్ద మాస్టరు అతనే.

"ఎందుకిచ్చావు?"

"అడిగాడు, ఇచ్చాను. మూడేళ్లయిందనుకుంటా. ఏం?"

"అడిగితే ఇచ్చేస్తావా?"

ఇప్పుడు తిరిగాడు. నా మొహం సరిగ్గా కనపడక కళ్లు చిట్లించాడు. "శిష్యుడు అడిగితే ఇవ్వనా? మా మాస్టారు పోయే ముందు తన అట్టలన్నీ నా చేతిలో పెట్టాడు. నేను నా అట్టలు వాడికిచ్చాను. మా పనిలో అంతేనమ్మా. అట్టలు అమ్ముకున్నవాణ్ణి మా వాళ్లు గడప తొక్కనివ్వరు. ఇదీ అట్టే కదా, కాకపోతే కంప్యూటర్లో ఉంది."

అట్టలంటే చొక్కా ముక్కల ఆకారంలో కత్తిరించుకున్న దళసరి అట్టలు. గుడ్డ మీద పెట్టి చుట్టూ సుద్దతో గీస్తారు. ఒక మాస్టరు జీవితమంతా సంపాదించిన పనితనం ఆ అట్టల్లో ఉంటుంది. మాస్టరు తర్వాత అవి శిష్యుడికే చెందుతాయి, ఊరికే. మంచి పద్ధతి. నేను కాదనను.

"అవి నీ అట్టలు నాన్నా. ఇది నాది."

"నీది కాదన్నానా? కటింగ్ నాది, నువ్వు కంప్యూటర్లోకి ఎక్కించావు."

ఎక్కించావు! లారీలోకి బస్తాలు ఎక్కించినట్టు. ఎనిమిదేళ్ల తర్వాత నా కన్నతండ్రి నోటి నుంచి వచ్చిన మాట అది.

"కూర్చో" అన్నాను. ఆయన కూర్చునే ఉన్నాడు. "నీకు తెలిసింది నీ చేతికి తెలుసు. నోటికి తెలియదు. చంక వంపు ఎలా గియ్యాలి అని అడిగితే నువ్వేం చెప్పేవాడివి?"

"అక్కడ కొంచెం లోపలికి..."

"కొంచెం అంటే ఎంత?"

నాన్న బొటనవేలితో గాలిలో ఒక వంపు గీశాడు.

"లావుపాటి వాడికి ఎంత? గూనివాడికి ఎంత? ఆరేళ్ల పిల్లకి ఎంత? 'మనిషిని చూస్తే తెలిసిపోతుంది' అనేవాడివి. కంప్యూటరు మనిషిని చూడదు నాన్నా. ఆ 'కొంచెం' ఎంతో కనిపెట్టడానికి నీ పాత అట్టలు ఆరువందలు కింద పరిచి ఒక్కోటీ కొలిచాను. వదిన రాసుకుంది. రెండేళ్లు కాలరు సరిగ్గా కూర్చోలేదు. నువ్వు వచ్చి చూసి, పెదవి విరిచి వెళ్లిపోయేవాడివి. ఏం తప్పో చెప్పేవాడివి కాదు, ఎందుకంటే నీకూ తెలియదు. ఆ తప్పేంటో నేను వెతికి పట్టుకున్నాను. అదీ ఎక్కించడమంటే. నువ్వు ఒక్కడికిచ్చావు. ఇవాళ అరవైమూడు చోట్ల ఉంది. నెలాఖరుకి నేనూ వదినా తట్టాబుట్టా సర్దుకుంటున్నాం. ఎందుకో నీకిప్పుడు తెలిసింది."

అరిచే అన్నానేమో, పక్కింటి వాళ్ల టీవీ గొంతు తగ్గింది. నాన్న చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. నేను వెళ్లి వంటింట్లో నిలబడి ఏడ్చాను. జాలితో కాదు, ఉక్రోషంతో.

తెల్లారి నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే నాన్న గుమ్మంలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు, చెవి కింద కొంచెం వదిలేసి.

"పద, ఫ్యాక్టరీకి" అన్నాడు.

"నువ్వెందుకు?"

"ఇచ్చింది నేను కదా."

బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నా ఒక్క మాట కూడా అనుకోలేదు.

ఫ్యాక్టరీ కటింగ్ హాలు పొడుగ్గా ఉంది. బల్లల మీద తెల్ల గుడ్డ పొరలు పొరలుగా, జానెడు ఎత్తున పరిచి ఉంది. కరెంటు కత్తులు జుమ్మంటూ దాన్ని చీలుస్తున్నాయి. చివర అద్దాల గదిలో ఆరు కంప్యూటర్లు, వాటి పక్కన చాపంత కాగితాలు కక్కుతున్న అచ్చు మిషన్ ఒకటి. ఆరు తెరల మీదా నేను గీసిన ఆకుపచ్చ గీతలే. కన్నబిడ్డ తప్పిపోయి వేరేవాళ్ల ఇంట్లో అంట్లు తోముతూ కనపడితే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

టేపు మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. "మాస్టారూ! కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా" అంటూ కుర్చీ లాగాడు. నాన్న కూర్చోలేదు.

"ఒరేయ్, నేను నీకిచ్చింది ఇక్కడికెలా వచ్చింది?"

టేపు నీళ్లు నమిలాడు. "ఇక్కడ పని ఎక్కువ కదా మాస్టారూ... సారు చూసి బాగుందన్నారు. మీరిచ్చిన విద్యే కదా అని..."

ఇంతలో యజమాని వచ్చాడు. నవ్వు మొహం, మెత్తటి చెప్పులు. మమ్మల్ని చూసి తడబడతాడేమో అనుకున్నాను. పిసరంత కూడా తడబడలేదు. నన్ను దాటుకుని వెళ్లి నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"మాస్టారూ, మీ దయ వల్ల మా పని ఎంత తేలికైందో! మా దగ్గర బట్టలు తీసుకెళ్లి ఇళ్లల్లో కుట్టేవాళ్లక్కూడా తలా ఒకటి ఇచ్చాం. అంతా మీ పేరే చెప్పుకుంటున్నారు."

అరవైమూడు ఎలా అయిందో అర్థమైంది. పన్నెండు చొక్కాల ఆవిడకి వీధి చివర షాపాయన ఇచ్చిందీ ఇక్కణ్ణుంచి పాకిందే అయ్యుంటుంది.

"అది మా సరుకు" అన్నాను. "మేము మీకు అమ్మలేదు. మీరు వద్దన్నారు. వద్దని చెప్పిన రోజుకే ఇక్కడ నడుస్తోంది."

"అయ్యో, అలా అంటావేంటమ్మాయ్. మీ నాన్నగారు మా మాస్టరుకి ఇచ్చారు. మా మాస్టరు మాకిచ్చాడు. గురువు శిష్యుడికిచ్చిన దాన్ని దొంగతనం అంటామా? బహుమతి కదా అది. ఏం మాస్టారూ, మీరు ఇచ్చారా లేదా?"

"ఇచ్చాను" అన్నాడు నాన్న.

"చూశావా? అయినా ఇంతమంది వాడుతున్నారంటే మీకు ఎంత ప్రచారం! ఊరికే వస్తుందా? ఒక పని చెయ్యి. ఆ టైర్ల షాపు మీద ఎందుకు అవస్థ? ఇక్కడికొచ్చేయ్. ఏసీ గది ఇస్తాను. నువ్విందులో అదీ ఇదీ మారుస్తూ ఉండొచ్చు. ముందు ఆ కుడి భుజం వంకర తీసెయ్యాలి, ఇద్దరు తల్లులు అడిగారు."

నా సరుకు దొంగిలించి, దానికి కాపలా ఉద్యోగం నాకే ఇస్తున్నాడు. పైగా అందులో తప్పులు పడుతున్నాడు!

నాన్న గొంతు సవరించుకున్నాడు. హాల్లో కత్తులు ఒక్కోటే ఆగాయి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లో, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లో అక్కడ సగంమంది ఉన్నారు.

"ఇచ్చానన్నాను. నిజమే" అన్నాడు. "ఏమిచ్చానో చెప్పనివ్వండి. నా అట్టలు నావి. ఎవడికైనా ఇస్తాను, నా ఇష్టం. ఇది నా అట్ట కాదు. నా చేతికి తెలిసింది నేను నోటితో చెప్పలేకపోతే, ఆరువందల అట్టలు కొలిచి ఇది కట్టింది నా కూతురు. నేను చూస్తూ కూర్చున్నాను. కట్టిన మనిషిని అడగలేదు. ఆవిడ నా కూతురు కదా, ఆవిడదంతా నాదేలే అనుకున్నాను. నాది కానిదాన్ని తీసుకెళ్లి వీడి చేతిలో పెట్టాను. అది ఇవ్వడం కాదండీ, దొంగతనం. ఇక్కడ మొదటి దొంగని నేను. నేను దొంగనైతే మీ దగ్గరున్నది బహుమతి ఎలా అవుతుంది?"

టేపు తలవంచుకుని మెడలో టేపు కొసలు రెండూ చేతుల్లో నలుపుతున్నాడు. నలభై ఏళ్లు ఒకరితో మాట పడని మనిషి, తన శిష్యుల ముందు, తన నోటితో తనని దొంగ అనుకున్నాడు. ఏడవడానికి అది సమయం కాదు.

ఫోన్ తీసి వదినకి చేశాను.

"వదినా, ఒకటో నంబరు ఆపెయ్."

"ఆపితే అరవైమూడు మందీ మన మీద పడతారు తల్లీ."

"పడనీ."

"మావయ్యగారిది కూడా ఆగిపోతుంది."

నాన్న వైపు చూశాను. ఆయనకి వినపడింది. "ముందు నాదే ఆపమను" అన్నాడు.

"ఆగమ్మా, ఆగాగు" అన్నాడు యజమాని. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "సోమవారం బడులు తెరుస్తున్నారు. ఈసారి మోడల్ కొత్తది, ఇంకా సగం సైజులు గియ్యాలి. ఒక్క పది రోజులు ఆగు, కూర్చుని మాట్లాడుకుందాం. చిన్నపిల్లలమ్మా, వాళ్ల మొహం చూసైనా..."

"పిల్లల మొహం చూసే ఒక్కో సైజూ మూడుసార్లు సరిచూశాను" అన్నాను. "మీరు నా మొహం చూడలేదు. ఆపెయ్ వదినా."

ఇళ్లల్లో కుట్టుకునే వాళ్లు నాకు గుర్తులేక కాదు. పన్నెండు చొక్కాల ఆవిడ సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి తిడుతుందని తెలుసు. ఆవిడ వస్తే ఆవిడతో మాట్లాడతాను. ఆవిడకి ఏది వీలైతే అలా చేస్తాను. కాని అడిగి తీసుకోవాలి. అది ఒకరు చేసిన పని అని, ఆ ఒకరు ఇంకా బతికే ఉన్నారని తెలిసి తీసుకోవాలి. ఇందులో నేను తగ్గను.

అద్దాల గదిలోంచి ఎవరో "సార్" అని పిలిచారు. తెర మీద ఆకుపచ్చ గీతలు పోయి, ఈ నంబరు చెల్లదు అని వచ్చింది. పక్క తెర మీద కూడా. అచ్చు మిషన్ ఒక చెయ్యి ముక్క సగం గీసి ఆగిపోయింది.

యజమాని మొహంలో నవ్వు అప్పుడు పోయింది. టేపు మీద విరుచుకుపడ్డాడు. "చూస్తావేంటి? ఇది రాకముందు చేత్తో కత్తిరించలేదూ నువ్వు? తియ్యి కత్తెర!"

"కత్తిరిస్తానండీ" అన్నాడు టేపు. తల ఎత్తాడు. "మోడల్ కొత్తది, మాస్టారిచ్చిన పాత అట్టలు పనికిరావు. ముందు అన్ని సైజులకీ అట్టలు చేసుకోవాలి. ఒక్కోటి గీసి, కుట్టి, పిల్లకి తొడిగి చూసి, మళ్లీ దిద్దుకోవాలి. రెండు నెలలు పడుతుంది."

"రెండు నెలలా! పొద్దున పెడితే మధ్యాహ్నానికి అయ్యేది కదా!"

"అయ్యేదండీ. ఆ రెండు నెలల కష్టం మన తరఫున ఈ అమ్మాయి ఎప్పుడో పడింది. మనకి తెలియలేదు." అని నాన్న వైపు కాకుండా నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "నాకు తెలియాల్సింది. ఈ పని చేసేవాణ్ణి కదా."

అంత త్వరగా పోయే కోపం కాదు నాది.

యజమాని గదిలోకి, హాల్లోకి, గదిలోకి రెండుసార్లు తిరిగాడు. చివరికి నా ముందుకొచ్చి ఆగాడు. అప్పటిదాకా అమ్మాయ్ అన్నవాడు గారు తగిలించాడు.

"ఏమ్మాయ్... అమ్మాయిగారూ, ఇప్పుడు దీనికి దారేంటి?"

"మా ఆఫీసు పదింటికి తెరుస్తాం" అన్నాను. "టైర్ల షాపు పక్క మెట్లు. మా వదిన ఉంటుంది. ఆవిడ ఇచ్చిన కాగితం నింపి, ఆరు కంప్యూటర్లకి ఆరు కాపీలు అడగండి. ఇప్పటిదాకా వాడుకున్నదాని సంగతి కూడా ఆవిడే మాట్లాడుతుంది. నాకంటే ఆవిడ గట్టి మనిషి. భుజం మాత్రం మారదు."

ఆయన వస్తాడో, ఇంకెక్కడైనా ఇంకొకరిది ఎత్తుకొస్తాడో నాకు తెలియదు. వచ్చినా రాకపోయినా టైర్ల షాపాయనకి గది ఖాళీ చెయ్యడం లేదని చెప్పాలి. ఆ పెద్ద కంపెనీ వాళ్లకి నేను రావడం లేదని రాయాలి. ఇంతకాలం నా పని చచ్చిపోతోందనుకుని నేనే దానికి పాడె కట్టుకుంటూ కూర్చున్నాను. చచ్చిపోవడం లేదు, దోచుకుంటున్నారు. రెంటికీ చాలా తేడా ఉంది. దోచుకుంటుంటే పోట్లాడొచ్చు.

బయట ఎండ మండిపోతోంది. నాన్న మెట్లు కనపడక నా భుజం పట్టుకుని దిగాడు. బస్సు స్టాపులో నీడ లేదు. ఆయన అటు తిరిగి, రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వు నన్నింకా ఏమీ అనలేదు."

"నిన్న అన్నాను కదా."

"అది కాదు. ఆ మాట అన్నాను చూడు, ఎక్కించావని. దానికి."

"ఇంటికెళ్లాక అంటాను."

"బస్సులోనే మొదలెట్టు" అన్నాడు. "ఇల్లు దూరం, నీకు చాలా ఉంటాయి."

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు ఆయనకిచ్చి, పక్కన కూర్చుని, మొదలుపెట్టాను.